పియానో మీదికి వంగినవాడు ఎవరు?

సౌదీలోని యాన్బు రిఫైనరీలో షట్‌డౌన్ పని, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతు, ముగిసి నాకు నాలుగు రోజుల సెలవు దొరికింది. నేను ఏసీ మెకానిక్‌ని. జగిత్యాలలో నాతో ఐటీఐ చదివి, తర్వాత ఇంజనీరైన సతీశ్ దేశానికి ఆ కొసన అల్ ఖోబర్‌లో ఉంటాడు. ఎన్నేళ్లుగానో రమ్మని ప్రాణం తీస్తున్నాడు. ఈసారి కూడా వెళ్లకపోతే స్నేహం తెగేలా ఉందని బయలుదేరాను. బస్సులో నడుం విరుగుతుంది కాబట్టి జెద్దా మీదుగా దమ్మాంకు విమానం పట్టుకున్నాను. అక్కడి నుంచి ఖోబర్‌లోని అల్ అజీజియా పేటలో వాళ్లింటికి టాక్సీకి వంద రియాళ్లయ్యాయి. పనిమీద వచ్చావా అని పాకిస్తానీ డ్రైవర్ అడిగితే, దోస్తు ఇంటికని కాస్త గొప్పగానే చెప్పాను.

శుక్రవారం నమాజు తర్వాత సతీశ్ నన్ను పక్కనే ఉన్న దహ్రాన్‌లో పెయింటింగుల ప్రదర్శనకు తీసుకెళ్లాడు. ప్రవేశం ఉచితమే, టికెట్ మాత్రం ముందే ఫోన్‌లో తీసుకోవాలి. పందొమ్మిదో శతాబ్దపు యూరప్ బొమ్మ ఒకటి నన్ను కదలనివ్వలేదు. పట్టు గౌన్ల ఆడవాళ్లు తీరిగ్గా టీ తాగుతున్నారు. ఒకామె పియానో ముందు కూర్చుంది. నల్లకోటు వేసుకున్న ఒకతను పియానో మీదికి వంగి ఉన్నాడు. రిపేరుకు వచ్చాడన్నాను. సతీశ్ పడీపడీ నవ్వి, అతను పాట వినడానికి వచ్చిన పెద్దింటి చుట్టమన్నాడు. పక్కనున్న చీటీలో ఆ సంగతే లేదు. వంగినవాడు చుట్టమో పనివాడో ఎలా తెలుస్తుందో నాకు అంతుపట్టలేదు.

సాయంత్రం ఇంట్లో టీ తాగుతుంటే ఏసీ కొట్టుకోవడం మొదలైంది. ఆ చప్పుడు వింటూ కూర్చోవడం నావల్ల కాదు. కప్పు పక్కన పెట్టి, స్టూలెక్కి మూత విప్పాను. అప్పుడే సతీశ్ మేనేజర్ వచ్చాడు. గుంటూరు వైపు మనిషి.

"మా ఇంట్లోనూ రెండు ఏసీలు నీళ్లు కారుతున్నాయి బాబూ. రేపు ఖాళీనా?"

నేను సతీశ్ వైపు చూశాను. దోస్తు అని ఒక్క మాట అంటాడని చూశాను.

"మా ఊరాయన సార్. పని మంచిగ చేస్తడు," అన్నాడు సతీశ్.

మేనేజర్ వెళ్లాక అడిగితే, "నువ్వే లేస్తివి గదరా, నేనేం చెప్పాలె?" అన్నాడు. ఆ మాటా నిజమే.

మర్నాడు వెళ్లి ఆ రెండు ఏసీలూ బాగుచేశాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ అర్థం కాదు. స్నేహం కోసమా, అలవాటు వల్లా? సతీశ్ నన్ను తక్కువ చేశాడా, నన్ను నేనే తక్కువ చేసుకున్నానా? మనసు మాత్రం నొచ్చుకుంది. ఖోబర్ వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: చలికాలంలో వెళ్లండి. అప్పుడు ఎవరింట్లోనూ ఏసీ నడవదు, కూర్చుని టీ తాగవచ్చు.