మాస్టారు ఎంచిన ప్రాసెసర్

తెనాలి మారిస్‌పేటలో కంప్యూటర్లు బిగించే మొయినుద్దీన్ నోటికి జడవనివాళ్ళు లేరు. మర్యాద తెలియక కాదు, ఉన్నమాట దాచుకోవడం అతనికి చేతకాదు. మొన్నామధ్య చుండూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, పేపరు చదువుకోడానికీ పాటలు వినడానికీ కొట్లో అన్నిటికంటే గొప్ప కంప్యూటర్ ఇమ్మన్నాడు. "ఎందుకండీ? మీకది దండగ. ఇంట్లో మంచి ఫ్రిజ్ లేకపోతే అది కొనుక్కోండి" అని పంపించేశాడు. పక్క కొట్లవాళ్ళు వీడికి బతకడం రాదని నవ్వుకున్నారు. ఆ పెద్దమనిషే తర్వాత తన చుట్టాలందర్నీ ఇతని దగ్గరికి తోలుకొచ్చాడు.

అంతటి ముక్కుసూటి మనిషి జన్మకల్లా ఒక్కసారి నీళ్ళు నమిలాడు. ఆ ఒక్కసారే చాలింది.

పోయిన వేసవిలో యజ్ఞనారాయణ మాస్టారు కూతుర్ని వెంటబెట్టుకుని బాపట్ల నుంచి కొట్టుకి వచ్చారు. రేపల్లె హైస్కూల్లో మొయినుద్దీన్‌కి లెక్కలు చెప్పింది ఆయనే. సైకిళ్ళు బాగుచేసే నబీ సాహెబ్ కొడుక్కి లెక్కలెందుకని ఊరు ఊరంతా అంటుంటే, ఏడాది పొడుగునా సాయంత్రాలు తన అరుగు మీద కూర్చోబెట్టి పదో తరగతి గట్టెక్కించారు. ఆయన మెట్లెక్కడం చూడగానే మొయినుద్దీన్ స్టూలు దిగి చేతులు కట్టుకున్నాడు. నలభై రెండేళ్ళొచ్చాయి, తలలో తెల్లవెంట్రుకలొచ్చాయి, అయినా మాస్టారి ముందు కూర్చోలేడు.

"ఒరే మొయినూ, మా మైథిలికి ఆటలాడే కంప్యూటరు కావాలిట. నవ్వకు. హైదరాబాదులో ఎవరో టీమ్ వాళ్ళు పిలిచారు."

మైథిలి ఆయనకు లేక లేక పుట్టిన పిల్ల. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతోంది. గురిపెట్టి కాల్చే ఆటలో దిట్ట. ఐదుగురి జట్టులో ఒక్క చోటు ఖాళీగా ఉంది. నెల తర్వాత ఇంట్లోంచే మూడు రౌండ్లు ఆడి చూపించాలి. నెగ్గితే టోర్నమెంట్లకు తీసుకెళ్తారు. ఆ పిల్లకిక వేరే ధ్యాస లేదు.

తనకు కావలసిన ప్రాసెసర్ పేరు కాగితం మీద రాసుకొచ్చింది. ఎనిమిది కోర్లది. కోరంటే లోపల పనిచేసే చెయ్యి అనుకోండి. చేతులు ఎనిమిదే గాని, అందులో క్యాష్ అనే జ్ఞాపకం బోలెడంత ఉంటుంది. పొయ్యి పక్కనే పోపులడబ్బా పెట్టుకున్నట్టు, కావలసింది క్షణంలో అందుతుంది. ఇలాంటి ఆటకు అదే ప్రాణం. కాగితం చూడగానే మొయినుద్దీన్ 'భేష్, పిల్లకి తెలుసు' అనుకున్నాడు.

మాస్టారు మాత్రం అద్దాల బీరువాలో ఇంకో పెట్టె వైపు వేలు చూపించారు. "అదేంట్రా, దాని మీద ఇరవై నాలుగని ఉంది?"

"ఇరవై నాలుగు కోర్లండి."

"మరి ఇరవై నాలుగు పెద్దదా, ఎనిమిది పెద్దదా?"

"నాన్నా, ఆటకి చూడాల్సింది అది కాదు..." మైథిలి అనబోయింది.

"నువ్వాగమ్మా. వాడికి లెక్కలు చెప్పినవాణ్ణి. చెప్పరా, ఏది మంచిది?"

అదే ఇంకొకరు అడిగుంటే, "ఇరవై నలుగురు వంటవాళ్ళు పెళ్ళికి కావాలి గాని ఒక్క దోసెకి ఎందుకండీ?" అని కసిరేవాడు. మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఉన్నది గురువు. పక్కన ఆయన కూతురు. కన్నబిడ్డ ముందు ఆయన మాట తీసెయ్యడానికి మొయినుద్దీన్‌కి నోరు రాలేదు.

"ఇరవై నాలుగుదే మంచిదండి" అన్నాడు. గంగిరెద్దులా తల కూడా ఊపాడు.

మైథిలి అతని మొహంలోకి చూసింది. "నిజంగానా అంకుల్?"

"నిజమేనమ్మా."

ఆ పెట్టె నాలుగు నెలలుగా బీరువాలోంచి కదల్లేదు. వదిలిపోతుందిలే అన్న ఆలోచన ఆ క్షణంలో తనకు రాలేదని మొయినుద్దీన్ ఒట్టేసి చెప్పలేడు. ఇంకో సంగతీ తెలుసు. ఆ పెద్ద ప్రాసెసర్ ఊరికే కాగిపోతుంది. కాగితే మాడిపోకుండా తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. మాస్టారి ఇల్లు బాపట్లలో, పిల్ల గది శ్లాబు కింద మేడమీద, ఎండలు మండిపోయే రోజులు. అన్నీ తెలిసి, బిగించి, నవ్వుతూ ఆటో ఎక్కించాడు.

ఆ రోజు నుంచి మనిషి మనిషిలా లేడు. కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ అడగని నిజాలు కూడా చెప్పి పంపేవాడు. "అన్నం కలిపి పది నిమిషాలైంది, తినకుండా ఏంటా ఆలోచన?" అని భార్య తబస్సుమ్ నిలదీస్తే మొత్తం కక్కేశాడు. ఆవిడ విని, "ఇప్పటికైనా ఫోన్ చేసి చెప్పొచ్చుగా!" అంది. రేపు చేస్తానన్నాడు. ఆ రేపు నెలన్నరకు గాని రాలేదు.

"ఆట మానేసిందిరా" అన్నారు మాస్టారు ఫోన్లో, తేలిగ్గా. "మొదటి రౌండు సరిగ్గా ఆడలేకపోయిందిట. తనే తప్పుకుంది. ఆ చోటు విశాఖపట్నం పిల్లకిచ్చారు. పోన్లే, చదువుకుంటుంది."

మొయినుద్దీన్ మర్నాడు కొట్టు మూసేసి, ఎనిమిది కోర్ల ప్రాసెసర్, దానికి సరిపడే బోర్డు సంచిలో పెట్టుకుని బాపట్ల రైలెక్కాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు. అయినా వెళ్ళాడు.

మేడమీది గదిలో తండ్రీకూతుళ్ళిద్దరి ముందూ నిలబడి చెప్పాడు. "ఆ రోజు మైథిలి రాసుకొచ్చిందే సరైనదండి. నాకు తెలుసు. తెలిసే కాదన్నాను. పెద్దది కాగిపోయి ఆట మధ్యలో తడబడుంటుంది. అంతేగానీ పిల్ల ఆటలో తప్పులేదు."

మాస్టారు కుర్చీలో కూర్చుండిపోయారు.

"నా చెయ్యే స్లో అనుకున్నా అంకుల్" అంది మైథిలి. "నేను చదివింది తప్పేమో అనుకున్నా. మీరు నిజమేనన్నారుగా! అంత పెద్ద ప్రాసెసర్ పెట్టుకుని కూడా కాల్చలేకపోతే ఇంక లోపం నాదే కదా. రోజూ చేతిని తిట్టుకునేదాన్ని."

మొయినుద్దీన్ స్క్రూడ్రైవర్ తీశాడు. పాతవి ఊడదీసి, కొత్తవి బిగించి, ఆట మళ్ళీ ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటింది. మైథిలి కూర్చుని ఒక్క ఆట ఆడింది. తెర మీద బొమ్మ ఎక్కడా తడబడలేదు. ఆ వేళ్ళు పోయే వేగం చూస్తుంటే అతనికి ఏడుపొచ్చింది.

ఆట నెగ్గింది. పిల్ల మొహంలో సంతోషం లేదు. మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకంత స్పీడు లేదు, చేతకాదు అని టీమ్‌కి నేనే రాసి పంపాను అంకుల్. వాళ్ళందరూ చదివారు. ఆ మాట మీరెలా తీసేస్తారు?"

మాస్టారు లేచారు. "నేను రాస్తానమ్మా వాళ్ళకి. మూర్ఖంగా పట్టుబట్టింది నేను. తప్పు నాదని రాస్తాను."

"కాదు మాస్టారూ" అన్నాడు మొయినుద్దీన్. ఆయన మాటకు అతను అడ్డు చెప్పడం అదే మొదలు. "మీకు తెలియదు. నాకు తెలుసు."