మిరపకాయకు కొత్త రేడియేటర్

ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషికి తనకు చేతకాని పని ఒకటుంటుందని తోచదు. ఆ రోజుల్లో నాకు తోచని విషయాలు ఇంకా చాలా ఉండేవి. భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టరు దగ్గర బొగ్గు లారీలు పంపే ఉద్యోగం నాది. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర ఎర్రరంగు పాత కారు కొన్నాను. ఒకప్పుడు తన ఈడు కార్లన్నిటిలోకీ వేగంగా పరిగెత్తిన కారు. మా ఇంట్లో దానికి మిరపకాయ అని పేరు పెట్టారు. రంగు చూసి పెట్టారనుకున్నాను (ఎక్కినవాళ్ళకు చెమటలు పట్టిస్తుంది కనుక పెట్టామని అక్క తర్వాత చెప్పింది). గట్టిగా తొక్కితే ఇంజను చేసే చప్పుడుకు ఒళ్ళు పులకరించేది. కాసేపటికే వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి పోయేది. అప్పుడు నీడ చూసి ఆపి, బానెట్ ఎత్తి, దారిన పోయేవాళ్ళకు బండి అందం చూపించడానికే ఆగినట్టు నిలబడేవాణ్ణి.

అంతలో అక్క పెళ్ళి కుదిరింది. మాది రఘునాథపల్లి, పెళ్ళికొడుకుది గార్ల. పెళ్ళికొడుకును తీసుకురావలసింది పెళ్ళికూతురి తమ్ముడే. బాపు అందుకని పెద్ద కారు ఒకటి మాట్లాడిపెట్టాడు. నేను ఆయనకు చెప్పకుండా దాన్ని వద్దనేశాను. సంగతి తెలిసి బాపు, "నీ మిరపకాయ తొర్రూరన్న దాటుతదార?" అన్నాడు. "కొత్త రేడియేటర్ తెప్పిస్తున్న బాపూ. కాశీ దాకనైన పోతది" అన్నాను.

వచ్చింది. కారు చేసిన కంపెనీది కాదు, బయట ఎవరో చేసిన అల్యూమినియం రేడియేటర్. పాతదానికి రెట్టింపు మందం, వెండి పళ్ళెంలా తళతళ. దాన్ని మిరపకాయ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని జనగామలో పానా అన్న షెడ్డుకు పోయాను. పానా అన్న మా పెద్దనాన్న కొడుకు. చేతిలో పానా లేకుండా ఆయన్ను చూసినవాళ్ళు లేరు.

"ఏందిర గిది? కారుకు తెచ్చినవా, లారీకి తెచ్చినవా?"

"ఏ బండికైన సరిపోతదని రాసిండ్రన్నా."

"రాసినోన్ని పిలువు. ఆడే వచ్చి బిగిస్తడు."

అన్నాడే గానీ, దాన్ని చేతిలోకి తీసుకోగానే ఆయన కళ్ళు కూడా మెరిశాయి. ఇక ఇద్దరం పిల్లలమైపోయాం. అది లోపల పట్టలేదు. పట్టీలు కోశాం. ఇంజనుకూ దానికీ మధ్య ఫ్యానుకు జాగా మిగల్లేదు, ఫ్యాను తెచ్చి రేడియేటర్ ముందర బిగించాం. దానికోసం కారు ముందు జాలీని కూడా కోశాం. ఫ్యాను మొదటిసారి తిప్పితే గాలి లోపలికి పోవడం మాని బయటికొచ్చి అన్న టీ గ్లాసులో దుమ్ము పోసింది. వైర్లు మార్చాం. చిల్పూరు గుట్ట ఎక్కించి చూశాం. ముల్లు నడుమనే నిలబడింది! గుడి ముందు ఇద్దరం చేతులు పట్టుకుని గంతులేశాం (మొక్కుకోవడానికి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి కాస్త పక్కకు జరిగారు).

పెళ్ళి రోజు పొద్దున గార్ల పోతూ మహబూబాబాద్‌లో పూలకొట్టు దగ్గర ఆగాను. కోసిన జాలీ పళ్ళూడిన నోరులా ఉంది. కొత్త బావ అది చూస్తే నా పరువేం కావాలి? "ముందర మొత్తం బంతిపూలు కట్టన్నా. సందు కనబడొద్దు" అన్నాను. పూలాయన నిజాయితీపరుడు. నిజంగానే సందు ఉంచలేదు.

తక్కిన మగపెళ్ళివారంతా బస్సులో ముందే బయల్దేరారు. నా కారులో బావ, వెనక సీట్లో ఆయన అవ్వ. తొర్రూరు దాటేదాకా నేను రేడియేటర్ గొప్పలు చెబుతూనే ఉన్నాను. పొద్దుటి చల్లగాలికి ఊరుకున్న ముల్లు, ఎండ ముదిరి తొర్రూరు దాటగానే లేచింది. కారు ఆపేసరికి బానెట్ కింద నుంచి ఆవిరి.

వెంటనే పానా అన్నకు ఫోన్ చేశాను. బావ వింటున్నాడని గొంతు పెంచాను. "ఏం బిగించినవే నువ్వు? అక్క పెండ్లి ఆగం చేస్తివి గద!" పానా అన్న, "ఏడున్నరు? మూత తియ్యకు, చల్లారనీయ్" అన్నాడంతే.

"చల్లారాల్నట అవ్వా" అన్నాను.

"ముహూర్తం సుత చల్లారుతది పిలగా" అంది అవ్వ.

ఇంతలో మేకల మంద వచ్చింది. వచ్చి, నేరుగా నా కారు మూతి మీద పడింది. అదిలిస్తే ఒకటి పోయి రెండు వచ్చాయి. పట్టుబట్టల్లో ఎన్నని తరమను? అవ్వ కిటికీలోంచి, "తిననీయ్ పో. పెండ్లి బువ్వ గీటికన్న అందనీ!" అంది. బావ మొహం తిప్పుకుని నవ్వాడు. మేకలు దారాలు మాత్రం మిగిల్చి వెళ్ళాయి.

చల్లారాక నీళ్ళు పోసి కదిలించాను. ముల్లు నడుమకొచ్చి ఆగింది. తొక్కాను. ఆగే ఉంది. ఇంకా తొక్కాను. మిరపకాయ తన పడుచుతనపు గొంతుతో అరుస్తూ పరిగెత్తింది. "ఇప్పుడెట్ల బాగైంది బామ్మర్దీ?" అని బావ అడిగాడు. అప్పుడు వెలిగింది నాకు. రేడియేటర్‌కు గాలి అందకుండా పూలతో మూసింది నేను. విప్పింది మేకలు. "ఏమో బావా" అన్నాను.

పాలకుర్తి దగ్గర ఎదురుగా బైకు మీద పానా అన్న. కొత్త చొక్కా, ట్యాంకు మీద తాడుతో కట్టిన పాత రేడియేటర్. చెయ్యి ఊపాడు. ఆగితే ముహూర్తం దాటుతుంది. "బాగైందన్నా!" అని అరిచి దూసుకుపోయాను.

జీలకర్ర బెల్లం వేళకు అందుకున్నాం. బరువు కట్టిన బైకు తిప్పుకుని మా వెనక వచ్చిన అన్న అందుకోలేకపోయాడు. ఆయన వచ్చేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. చొక్కా నిండా దారి మట్టి, చంకలో రేడియేటర్. చెల్లె పెళ్ళి చూడలేకపోయిన మనిషి నన్ను చూసి అడిగిన మొదటి మాట, "ముల్లు ఏడుందిర?"

"నడుమనే ఉందన్నా. నీ తప్పేం లేదు. పూలు నేనే కట్టించిన, గాలాడలే."

అన్న "పట్టుకో" అని పాత రేడియేటర్ నా చేతుల్లో పెట్టి, చేతులు తుడుచుకుంటూ అక్క దగ్గరికి పోయి అక్షింతలు వేశాడు. సరిగ్గా అప్పుడే ఫొటో తీశారు.

ఆ ఫొటో అక్క వాళ్ళింట్లో గోడకుంది. వధూవరులు, అక్షింతలు వేస్తున్న అన్న, వెనక పట్టుబట్టల్లో రేడియేటర్ కావలించుకుని పళ్ళికిలిస్తున్న ఒక కుర్రాడు. చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. వాణ్ణి పిలిచి, "ముందు దాన్ని కింద పెట్టరా, పోయి మీ అన్నకు విస్తరెయ్యి" అని చెప్పాలనిపిస్తుంది. కానీ వాడు అంత సంతోషంగా ఉన్నాడు, వినేట్టు లేడు.