బొగ్గు క్లారీ ఇంటికి హీట్ పంప్

బొగ్గు గనుల ఊరు రీఫ్టన్‌లో క్లారీ మల్హర్న్ బొగ్గు దింపని ఇల్లు లేదు. నలభై రెండేళ్లు లారీ తోలాడు. పొగగొట్టం చూసి ఎవరింట్లో చలి కాచుకునే పొయ్యి ఎలా మండుతోందో చెప్పేసేవాడు. అంతటివాడి ఇంట్లోనే పొయ్యి పీకించింది డాక్టరమ్మ. "మీ ఆవిడ నోలీన్ ఊపిరితిత్తులకి ఇక పొగ పనికిరాదు. ఇల్లు మాత్రం వెచ్చగా ఉండాలి. లేదంటే ఈ చలికాలం గ్రేమౌత్ వృద్ధాశ్రమానికి పంపాల్సిందే" అంది.

పెళ్లయి యాభై ఏళ్లు. భార్య లేని ఇంట్లో పడుకోవడం క్లారీకి తెలీదు. అందుకే కరెంటుతో గదిని వెచ్చబెట్టే హీట్ పంపు, ఆ తెల్లటి డబ్బా, గోడకి పెట్టించుకున్నాడు. మంటా లేదు, బూడిదా లేదు, ఇదేం వేడి అని మాత్రం సణిగాడు.

సణిగినట్టే అయింది. మూడు వారాలైనా గది వెచ్చబడలేదు. మిషను రొప్పుతూనే ఉంది, నోలీన్ దగ్గుతూనే ఉంది. గ్రేమౌత్‌లో మంచం ఖాళీ అయిందని ఫోనొచ్చింది. మిషను వచ్చి చూడమని క్లారీ వెంటనే కబురు పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే, పంపు బిగించిన అమ్మాయి మెరెయానా వచ్చింది. మిషను మూత తీసి చూస్తే అంతా బాగానే ఉంది. తర్వాత కిటికీ తెర పక్కకి లాగింది. కిటికీ తలుపు బెత్తెడు తెరిచి ఉంది.

"తాతా, ఇదెవరు తీశారు?"

"నేనే. రోజూ తీస్తా. పొయ్యున్న గదిలో గాలాడకపోతే మనిషి పోతాడు, తెలీదూ?"

"పొయ్యెక్కడుంది తాతా ఇప్పుడు? ఊరంతటికీ వేడి పంచుతున్నావు నువ్వు!"

నోలీన్ నవ్వబోయి దగ్గింది. క్లారీ నవ్వలేదు. వాళ్ల నాన్న గనిలో ముప్ఫై ఏళ్లు బతికి బయటపడ్డవాడు. ఒకరోజు కిటికీలన్నీ బిగించుకుని ఇంట్లో పొయ్యి ముందు కునుకు తీశాడు, మళ్లీ లేవలేదు. అప్పటికి క్లారీకి పదకొండేళ్లు. మొండితనం కాదది, పాపం, భయం.

"మూస్తే దీనికేం కాదుగా?" అన్నాడు భార్యని చూపించి, గొంతు తగ్గించి.

"ఏం కాదు తాతా. మండేదేదీ లేదుగా ఇక్కడ."

కిటికీ తనే మూశాడు. మెరెయానా వెళ్లాక కుర్చీ లాక్కుని నోలీన్ ఎదురుగా కూర్చుని, ఆమె ఊపిరినే చూస్తూ ఉండిపోయాడు. గంట గడిచింది. ఆమె భుజం మీది శాలువా జారింది, సర్దుకోలేదు. దగ్గు రాలేదు. తల ఓ పక్కకి వాలింది.

"నోలీన్! నోలీన్!" అని క్లారీ కుదిపేశాడు.

"బతికే ఉన్నానయ్యా" అంది ఆమె కళ్లు తెరవకుండానే. "ఇన్నాళ్లకి నిద్ర పడుతుంటే లేపుతావేం? నన్ను కాదు, ఆ గ్రేమౌత్ వాళ్లని లేపు. రావడం లేదని చెప్పు."