గుండ్రంగా ఈనని చేను

తొంభైల చివర్లో కోడూరులో రొయ్యల చెరువు తవ్వించిన ఏడాది మా బావకి, అంటే మా అక్క మొగుడికి, రెండు జబ్బులు పట్టుకున్నాయి. ఒకటి, దివిసీమ జనాభా అంతా తన రొయ్యల్ని దొంగిలించడానికే పుట్టిందన్న అనుమానం. రెండోది, ఆ అనుమానానికి మందుగా కొన్న ఫోకస్ లైటు. చెరువు గట్టున స్తంభం పాతి దాన్ని వెలిగించిన సాయంత్రం బందరు రేవులోని దీపస్తంభం సిగ్గుతో తల దించుకునే ఉంటుంది. మా అక్క వంటింటి బల్బు ఆర్పేసి, ఆ వెలుతురులోనే బియ్యంలో రాళ్లు ఏరుకునేది.

చెరువుకి ఇటుపక్క ఎకరంలో ఇంటి తిండికోసం పాత రకం వరి, వానాకాలపు సార్వా పంట. అటుపక్క అమ్మకానికి కొత్త పొట్టి రకం. కొట్లో బియ్యం కొనుక్కుని తినేవాడు మా బావ దృష్టిలో మనిషే కాదు, బామ్మర్ది. అంటే నేను. బందరులో అద్దె ఇంట్లో ఉంటూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. చెప్పడమంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. మా మాస్టారు నాకు చదివి రాయించిన నోట్సుని, ఆయన దగ్గుతో సహా, పిల్లలకి చదివి రాయించేవాణ్ణి.

కార్తీకంలో కబురొస్తే వెళ్లాను. ఊరంతా చేలు ఈని గింజ పాలు పోసుకుంటున్నాయి. మా బావ ఎకరంలో దూరంగా ఉన్న సగమూ ఈనింది. చెరువు పక్క సగం మాత్రం ఒక్క వెన్ను కూడా తియ్యకుండా, బాగా మేపిన అల్లుడిలా ఏపుగా, పచ్చగా, పనికిమాలి నిలబడి ఉంది.

“ఏవోయ్, పాఠాలు చెప్తావుగా. ఇదెందుకు ఈనలేదో చెప్పు,” అన్నాడు బావ.

ఒక ఆకు తుంచాను, వాసన చూశాను, ఎండకి అడ్డంపెట్టి చూశాను. ఏమీ తెలియనివాడు చేసే పనులన్నీ వరసగా చేసి, “జింకు లోపం బావా,” అన్నాను.

“లోపమైతే మిగతా సగం ఎలా ఈనింది?”

“అయితే విత్తనంలో కల్తీ.”

“శాస్త్రాలు తర్వాత. తుఫాను గాలులొచ్చేలోపు ఇది ఈనుద్దా, లేక కొట్టు బియ్యం తినాలా? అది చెప్పండి ముందు,” అంది అక్క.

కొట్టు బియ్యం అన్న మాటకి బావ ముఖం ఎలా అయిపోయిందంటే, నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా ఆయన అంత బాధపడలేదు.

విత్తనాలు కొన్నది గుడివాడలో. ఈనని దుబ్బులు నాలుగు పీకి బస్సెక్కాం. కండక్టరు వాటికి అర టిక్కెట్టు కొట్టాడు. “గడ్డి విత్తనం అంటగట్టావయ్యా!” అని కొట్టు ముందు బావ పెట్టిన కేకకి స్టేషన్లో రైలు రెండు నిమిషాలు ముందే బయల్దేరింది. కల్తీ విత్తనం గురించి నేనూ ఇంగ్లీషు మాటలు కలిపి గంటసేపు దంచాను. కొట్టాయన ఓపిగ్గా విని, “రేపొచ్చి చూస్తానండీ,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే స్కూటరు మీద వచ్చాడు. గట్టు మీద అటూ ఇటూ నడిచాడు. ఆకు తుంచలేదు, వాసన చూడలేదు.

“బాబాయ్ గారూ, కల్తీ గింజ గుండ్రంగా మొలుస్తుందాండీ?”

చూశాం. ఈనని మేర కంపాసుతో గీసినట్టు వంపు తిరిగి ఉంది. మధ్యలో మా బావ స్తంభం.

“ముదినేపల్లిలో రోడ్డు లైటు కింద చేలూ ఇంతేనండీ. లైటు ఆర్పేయండి, ఈనుద్ది. మాస్టారూ, దీనికి మీ పుస్తకాల్లో ఏదో పేరుంటదంట కదండీ?”

ఉంది. ఏటా దాని మీద అయిదు మార్కుల ప్రశ్న నేనే ఇస్తాను. రాయనివాళ్లని లేపి నిలబెడతాను.

“అటుపక్కా అదే వెలుతురేగా! పొట్టిది ఎందుకీనింది మరి?” అన్నాడు బావ, ఓడిపోయినవాడు లాయర్ని పట్టుకున్నట్టు నన్ను పట్టుకుని.

పాత రకాల్లో పగటి నిడివి కొలిచే జన్యువులు మహా పట్టుదలగలవి. పగళ్లు కురచై, రాత్రిళ్లు తెగకుండా పొడుగ్గా సాగితేగాని ఈననివ్వవు. కొత్త పొట్టి రకాల్ని ఏరికోరి తయారుచేసినవాళ్లు ఆ పట్టుదల తీసేశారు. వాటికి ఎండాకాలమైనా ఒకటే, వానాకాలమైనా ఒకటే, రోజులు నిండితే ఈనేస్తాయి. ఇదంతా నేను అక్కడికక్కడే గడగడా చెప్పాను. చెప్పాక మా అక్క నావైపు చూసిన చూపుని మాత్రం ఏ నోట్సులోనూ రాయించలేను.

లైటు ఆర్పారు. నెల తిరక్కుండానే చేను ఈనింది, గంపెడు వెన్నులతో. అప్పటికి ఊళ్లో కోతలు పూర్తయ్యాయి. మేయడానికి ఇంకో చేను లేక, జిల్లాలో రెక్కలున్న ప్రతి ప్రాణీ చిరునామా కనుక్కుని వచ్చి ఆ సగం ఎకరంలో దిగింది. మిగిలింది గడ్డే.

ముందు ఈనిన సగం వేసవి దాకా వచ్చింది. ఆ తర్వాత మా బావ అవనిగడ్డ నుంచి బియ్యం తెచ్చాడు, సిమెంటు సంచుల్లో పోయించి. రిక్షాలోంచి దించుతుంటే వీధంతా మూగింది.

“ఏం కడుతున్నావు మావయ్యా?”

“ప్రహరీ,” అన్నాడు.

ఊరివాళ్లు వదిలిపెట్టే రకమా? రోజూ వచ్చి పునాది ఎప్పుడని అడిగారు. ఆ నెలాఖరుకి నిజంగానే సిమెంటు కొని, మేస్త్రీని పిలిచి, నాలుగడుగుల గోడ కట్టించాడు. అది ఇంటికీ వీధికీ సంబంధం లేకుండా ఇప్పటికీ అక్కడే ఉంది. గేదెలు వీపు రుద్దుకుంటాయి.