జాంగ్రీ గారి ఉపవాసం

ఆ రోజుల్లో దేవుడి దయవల్ల మా ఇంట్లో దేనికీ లోటు ఉండేది కాదు, ఒక్క ప్రశాంతతకు తప్ప. (ఆ రోజులంటే మరీ తాతలనాటి రోజులనుకునేరు. అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చేసి, ప్రతివాళ్ళూ రెండు వీడియోలు చూసి ఏదో ఒక విద్యలో పండితులైపోతున్న రోజులే.) ఆ లోటుకి కారణం మా బాబాయి. రాజమండ్రిలో పేపరు మిల్లులో షిఫ్టు ఉద్యోగం, మంచి జీతం, అంతకన్నా మంచి మనసు, పెళ్ళి మాత్రం కాలేదు. ఆ మనసంతా మూగప్రాణుల మీద పెట్టేవాడు. ఒక ఏడాది రంగుచేపలు, ఇంకో ఏడాది లవ్‌బర్డ్స్, మధ్యలో కొన్నాళ్ళు పట్టుపురుగులు. ఏది తెచ్చినా మొదటి వారం ఆయనది, రెండో వారం నుంచీ నాది. ఎందుకంటే ఇంట్లో ఎప్పుడూ ఉండేది నేనే. చిన్నప్పుడు ఆయాసం వల్ల బడికి వెళ్ళలేకపోతే అమ్మే వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి చదువంతా చెప్పింది. డిగ్రీ కూడా ఇంటి నుంచే కట్టాను. ఆ మేలుకి ఇప్పటికీ రోజూ వందనాలు చెప్పుకుంటాను. కాకపోతే పాఠాలు వచ్చినంత బాగా నలుగురిలో మాట్లాడటం రాలేదు. ఇరవయ్యేళ్ళొచ్చినా కొత్తవాళ్ళు ఎదురుపడితే నా గొంతు నాకే వినబడేది కాదు.

ఆ ఏడు వానలు తగ్గాక బాబాయి హైదరాబాదు నుంచి బెజ్జాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేత్తో పట్టుకుని దిగాడు. అందులో నారింజ రంగు పాముపిల్ల ఉంది, పెన్సిలంత లావు, చుట్టలు చుట్టుకుని. విషం లేని విదేశీ జాతి అన్నాడు. మన పొలాల్లో పాముల్ని పట్టి పెంచడం నేరమనీ, దీనికి మాత్రం కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయనీ ఫైలు చూపించాడు. అచ్చు మిఠాయి కొట్టు పళ్ళెంలోంచి తీసినట్టుందని నేనే దానికి జాంగ్రీ అని పేరు పెట్టాను. అమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"ఏదెను తోటలో హవ్వతో అంత గొడవ పెట్టింది చాలక, మా ఇంటికి కూడా తెచ్చావా నాయనా?"

"ఓడలో ఎక్కించుకున్న నోవహుకి లేని అభ్యంతరం నీకేంటి వదినా?" అన్నాడు బాబాయి.

నాకు తర్కం నేర్పిన మా అమ్మ, ఆ తర్కానికో దణ్ణం పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. (నాన్న రైల్వే ఉద్యోగి. వారంలో సగం రోజులు బళ్ళమీదే. విషయం ఫోన్లో చెబితే, "అరుస్తుందా?" అని అడిగారు. అరవదంటే, "అయితే ఉండనీ" అన్నారు.)

అసలు చిక్కు భోజనం దగ్గర వచ్చింది. హైదరాబాదులో బాబాయి కొన్న కొట్టులో ఉండగా జాంగ్రీకి బతికున్న ఎలుక పిల్లల్ని వేసేవారట. ఎలుకలు పెద్దవైతే తిరగబడి పాముపిల్లనే కొరుకుతాయి కాబట్టి ముందు నుంచీ ఫ్రిజ్ తిండి అలవాటు చెయ్యడం మేలని వీడియోలో చెప్పారు. అదీగాక, బతికున్నదాన్ని నా చేత్తో అందులో వెయ్యమంటే నేను వెయ్యలేను. అందుకని గడ్డకట్టించిన ఎలుక పిల్లలు ఐసు పెట్టెలో బస్సు పార్శిల్‌గా వచ్చేవి. ఇంకా కళ్ళయినా తెరవనివి, చిటికెన వేలంత, గులాబి రంగులో. అవి మా ఫ్రిజ్ పైఅరలో మూత గట్టిగా బిగించిన డబ్బాలో ఉండేవి. దాని మీద అమ్మ పెద్ద అక్షరాలతో "మనది కాదు" అని రాసి అంటించింది.

మంచు వదిలాక కవర్లో వేసి వేణ్ణీళ్ళలో ఉంచి, ఒంటి వేడి వచ్చాక పెట్టాలి. నేను శ్రద్ధగా అన్నీ చేశాను. పాలసీసా వేడి చూసినట్టు మణికట్టు మీద ఆనించి మరీ చూసేదాన్ని. జాంగ్రీ ఒకసారి నాలుక ఆడించి, ఇలాంటి ఇంట్లో పడ్డానేంటి అన్నట్టు చూసి, తన కొబ్బరి చిప్ప కిందికి వెళ్ళిపోయేది. కదిలితేగానీ తినదని బాబాయి పొడుగాటి పట్టకారుతో ఎలుకని పట్టుకుని డబ్బాలో పరిగెత్తించాడు. నోటితో "కీచ్ కీచ్" అని కూడా అన్నాడు. "అమ్మో పారిపోతోంది, పట్టుకో, పట్టుకో!" అని జాంగ్రీని ఎగదోశాడు. జాంగ్రీకి భయమేసి ఇంకా లోపలికి ముడుచుకుంది.

పాముపిల్లలకి బల్లి వాసన ఇష్టమని మరో వీడియో చెప్పింది. మాకు బల్లులకేం కొదవ? ట్యూబులైటు వెనకున్నదాన్ని బాబాయి చీపురుతో అదిలిస్తే అది తోక వదిలేసి పారిపోయింది. తోక తిన్నగా వచ్చి ఆయన కాఫీలో పడింది. కాఫీ పోయినందుకు బాబాయి కాసేపు బాధపడ్డాడుగానీ, తోక దక్కినందుకు నేను దేవుడికి వందనాలు చెప్పుకున్నాను. ఆ తోకతో ఎలుకపిల్లకి అత్తరు రాసినట్టు రాసి పెట్టాం. జాంగ్రీ రెండుసార్లు నాలుక ఆడించింది. అంతే.

చూస్తూండగానే చిక్కిపోయింది. తోలు కింద వెన్ను గీతలా తేలింది. ఆ వెన్ను చూస్తే నాకూ ముద్ద దిగేది కాదు. ఒక ఆదివారం అమ్మ ఆ డబ్బా ముందు తనంతట తానే వచ్చి నిలబడింది.

"ఇదిగో, నా ఇంట్లో ఏ ప్రాణీ ఆకలితో పోవడానికి వీల్లేదు. వచ్చే ఆదివారం లోపు తిందా సరేసరి. లేకపోతే అదెక్కడ తింటుందో అక్కడికి పంపించెయ్యండి" అంది. బాబాయి తల దించుకుని, ఆ కొట్టువాళ్ళకి ఫోన్ చేసి, వెనక్కి తీసుకుంటారా అని అడిగి పెట్టుకున్నాడు. తీసుకుంటామన్నారు. చేపలూ పిట్టలూ నాకేసి ఎప్పుడూ చూడలేదు. జాంగ్రీ మాత్రం, తిన్నా తినకపోయినా, నేను డబ్బా దగ్గరికొస్తే తల బయట పెట్టేది.

అప్పుడు చేశాను, ఇల్లు కదలని పిల్ల మాత్రమే చెయ్యగలిగిన పని. బుధవారం సాయంత్రం చర్చిలో స్త్రీల కూడికలో, "ఎవరికైనా ప్రార్థన విన్నపాలున్నాయా?" అని పాస్టరమ్మగారు అడిగితే, ఎన్నడూ లేనిది నేను లేచి నిలబడ్డాను. "మా ఇంట్లో చిన్న ప్రాణం ఒకటి చాలా రోజులుగా ఆహారం ముట్టడం లేదండి" అన్నాను. అంతవరకూ ఒక్క అక్షరం అబద్ధం లేదు. పాము అని చెప్పడానికి మాత్రం మొహమాటం అడ్డొచ్చి కూర్చుండిపోయాను. ఆవిడ కళ్ళు చెమర్చాయి. అయినా నాకు బుర్ర వెలగలేదు.

శనివారం మధ్యాహ్నం ఆఖరి ప్రయత్నం. అమ్మ టైలరు దగ్గరికి వెళ్ళింది. బాబాయి ఇంకా మిల్లు నుంచి రాలేదు. జాంగ్రీనీ, వేడిచేసిన ఎలుక పిల్లనీ చిన్న డబ్బాలో పెట్టి హాల్లో టీపాయ్ మీద ఉంచానో లేదో, కాలింగ్ బెల్ మోగింది. కిటికీలోంచి చూస్తే పాస్టరమ్మగారు, ఆవిడ వెనక స్తోత్రం ఆంటీ (ప్రతి మాటకీ ముందొకటి, వెనకొకటి స్తోత్రం అనేది), ఇంకో ముగ్గురు. చేతుల్లో క్యారియర్లు, అరటిపళ్ళు, బూస్టు సీసా. నేను గబగబా సోఫా మీది లేసు గుడ్డ లాగి డబ్బా మీద కప్పేసి తలుపు తీశాను.

"స్తోత్రం! ఈ బల్ల మీద పెడతానే అమ్మాయ్, చెయ్యి కాలిపోతోంది. కోడిగుడ్ల పులుసు" అని ఆంటీ క్యారియరు తీసుకొచ్చి సరిగ్గా డబ్బాని ఆనించి పెట్టింది. "ఏడమ్మా పిల్లాడు?"

"ఇక్కడే... ముసుగు తన్ని పడుకున్నాడండి."

"ఎన్నేళ్ళు?"

"ఇంకా నెలలేనండి."

"అయ్యో! పాలు పడుతున్నారా?"

"పాలు పడవండి."

"పళ్ళొచ్చాయా?"

"పుట్టుకతోనే ఉన్నాయండి."

ఆంటీ గుండెల మీద చెయ్యేసుకుంది. "స్తోత్రం! పాకుతున్నాడా మరి?"

"ఆయ్, పాకడం మాత్రం బాగా పాకుతాడండి" అన్నాను, ఒక్క శుభవార్తయినా చెప్పగలిగినందుకు సంతోషంగా.

"ఇంతకీ ఎవరి బిడ్డే?"

"మా బాబాయి తెచ్చుకున్నాడండి. హైదరాబాదు నుంచి."

మిగతా ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పాస్టరమ్మగారు గొంతు తగ్గించి, "దత్తతా అమ్మా?" అన్నారు.

"అలాంటిదేనండి. కాగితాలు కూడా ఉన్నాయండి."

"కాగితాల సంగతి తర్వాత. ముందు ప్రార్థన చేసుకుందాం" అని ఆవిడ కళ్ళు మూసుకున్నారు. అందరం మూసుకున్నాం. పాస్టరమ్మగారి ప్రార్థనంటే మా చర్చిలో ప్రసిద్ధి. ఆవిడ మొదలుపెట్టాక పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చినా ఆమెన్‌కి అందుకోవచ్చని అనుకునేవాళ్ళం. "ప్రభువా, ఈ పసివాడు ఎలా వచ్చాడని మేము అడగం. ఎవరివల్ల వచ్చాడనీ అడగం. పెళ్ళి కాకుండానే తండ్రి బాధ్యత నెత్తిన వేసుకున్న ఈ సోదరుణ్ణి క్షమించు..." సరిగ్గా అప్పుడే ఆ సోదరుడు హెల్మెట్ చేత పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ప్రార్థన వినబడగానే అలవాటుగా తల వంచి కళ్ళు మూసుకున్నాడు. రెండు వాక్యాల తర్వాత కళ్ళు తెరిచి నాకేసి చూశాడు. (నేనూ ఒక కన్ను తెరిచే ఉన్నాను, క్షమించాలి.) ఆయన మొహం చూడలేక టీపాయ్ వైపు తిప్పుకున్నాను.

లేసు సందుల్లోంచి నారింజ రంగు కదిలింది. చీకటిగా, పక్కన పులుసు క్యారియరు వెచ్చదనంతో, గదిలో ఇంతమంది ఉన్నా ఒక్కళ్ళూ కదలని ఆ నిశ్శబ్దంలో జాంగ్రీ నోరు తెరిచింది. ఎలుక పిల్ల తల వైపు నుంచి పట్టుకుంది. మొదటిసారి తినేటప్పుడు చిన్న అలికిడికి కూడా వదిలేస్తుందని వీడియోలో చెప్పారు. వదిలిందంటే రేపు బాబాయి బస్సెక్కాల్సిందే. పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి, ఆ ప్రార్థన ఇంకాస్త సాగాలని ప్రార్థించాను. కానీ ఆవిడ గొంతు నెమ్మదించింది. "...అడిగి వేడుకుంటున్నాం తండ్రీ" దాకా వచ్చేశారు. ఆమెన్ అన్నారంటే స్తోత్రం ఆంటీ ముందు లేచేది ఆ క్యారియరు కోసమే. జాంగ్రీ నోట్లో ఇంకా సగమే వెళ్ళింది.

"ప్రభువా!" అని ఒక గొంతు గట్టిగా అంది. అది నాదేనని నాకు కాసేపటికిగానీ తెలియలేదు.

"ప్రభువా, ఈ ఇంటికోసం వందనాలు. ఈ ఫ్యానుకోసం వందనాలు. నిన్న వచ్చిన గ్యాసు బండకోసం వందనాలు. మా ఫ్రిజ్ కోసం, దాని పైఅర కోసం వందనాలు. పార్శిల్ తెచ్చిన బస్సు డ్రైవరుగారికోసం వందనాలు. తన తోక ఇచ్చిన బల్లికోసం వందనాలు..." (ఇక్కడ ఎవరో "ఊఁ?" అన్నారు. కళ్ళు మాత్రం తెరవలేదు. మావాళ్ళ క్రమశిక్షణ అలాంటిది.) వెనక కాళ్ళు లోపలికి వెళ్ళాయి. "అమ్మ చెప్పిన లెక్కలకోసం, వ్యాకరణంకోసం వందనాలు. కోడిగుడ్ల పులుసుకోసం, ముఖ్యంగా అది వేడిగా ఉన్నందుకు వందనాలు..." తోక మిగిలింది. దారప్పోగులాంటి తోక. "ఇంకా... ఇంకా..." అని వెతుక్కుంటుంటే గుమ్మం దగ్గర్నుంచి బాబాయి, "పాస్టరమ్మగారి ఓపికకోసం" అని అందించాడు. "ఓపికకోసం వందనాలు!" అన్నాను. తోక లోపలికి వెళ్ళింది. మెడ దగ్గర చిన్న ఉబ్బు మెల్లగా కిందికి జారింది.

"ఆమెన్! తినేశాడండీ!"

"స్తోత్రం!" అన్నారందరూ ఒక్కసారే. తర్వాత కళ్ళు తెరిచారు. నేను లేసు గుడ్డ తీశాను.

స్తోత్రం ఆంటీ సోఫా మీదికి ఎలా ఎక్కిందో ఎవరూ చూడలేదు. బూస్టు సీసాని గుండెలకి హత్తుకుని, జీవితంలో మొదటిసారి, స్తోత్రం అనకుండా "వామ్మో!" అంది. మిగతా ముగ్గురూ వీధి గుమ్మం దాకా వెళ్ళారు. పాస్టరమ్మగారు మాత్రం కళ్ళజోడు సర్దుకుని డబ్బా మీదికి వంగారు.

"ఏమ్మా, ఇంతసేపూ నేను ప్రార్థించింది దీనికా?"

"దీనికేనండి."

ఆవిడ నడుం నిటారు చేసుకున్నారు. "పోనీలే. తిన్నాడు కదా" అన్నారు. తర్వాత బాబాయి వైపు తిరిగి, "నాయనా, నీకోసం చేసిందంతా వెనక్కి తీసుకుంటున్నా" అన్నారు.

అప్పుడే అమ్మ వచ్చింది. సోఫా మీద ఆంటీని, గుమ్మంలో ముగ్గురిని, డబ్బాలో ఉబ్బెత్తు పొట్టతో పడుకున్న జాంగ్రీని వరసగా చూసింది. ఒక్క ప్రశ్నే అడిగింది, "తిందా?" అని. తిందన్నాను. "అయితే ఉండనీ" అని వచ్చినవాళ్ళకి టీ పెట్టడానికి వెళ్ళింది. అరటిపళ్ళు అందరం తిన్నాం. చీకటి, వెచ్చదనం, పక్కన కదలని మనుషులు ఉంటే చాలని బాబాయి ఆ తర్వాత ఏ వీడియో చూడకుండానే కనిపెట్టాడు. వారం వారం గుడ్డ కప్పి ఇద్దరం బొమ్మల్లా కూర్చునేవాళ్ళం. ఊరికే కూర్చోవడం ఎందుకని నేను లోలోపల వందనాల వరస అందుకునేదాన్ని. అలా మొదలైన అలవాటు ఇప్పటికీ పోలేదు.

జాంగ్రీ ఇప్పుడు నా చేయంత పొడుగు దాటింది. ఆ ప్రార్థనంతా వెనక్కి తీసుకున్నా బాబాయికి పెళ్ళి కుదిరింది. పాముకి భయపడని పిన్ని దొరికింది. పాస్టరమ్మగారికి కిందటేడు వేరే ఊరి చర్చికి బదిలీ అయింది. వెళ్ళేముందు అందరి ఇళ్ళకీ వెళుతూ మా ఇంటికీ వచ్చారు. టీ తాగి, తాపీగా లేచి జాంగ్రీ పెట్టె ముందు నిలబడ్డారు.

"ఇంతకీ వీడి పేరేంటమ్మా? ఇన్నేళ్ళూ 'ఆ ఇంట్లో ఆ చిన్నవాడు' అనే అంటూ వస్తున్నాను ప్రార్థనలో."

ఆ ఒక్క శనివారంతో అయిపోయిందనుకున్నాను నేను. ఆవిడ మానలేదట.

"జాంగ్రీ అండి" అన్నాను.

"జాంగ్రీ" అని ఆవిడ మెల్లగా అనుకుని, గుర్తు పెట్టుకుంటున్నట్టు తల ఊపి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నారు. ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఆ హాల్లోనే కూర్చున్నాను. పాము అని చెబితే దేవుడు ఏమనుకుంటాడోనని బుధవారం సాయంత్రం మొహమాటపడి కూర్చుండిపోయిన ఆ పిల్ల, అప్పటి నేను, గుర్తొచ్చింది. గ్యాసు బండకి వందనాలు చెప్పడానికి రాని సిగ్గు ఆ పిల్లకి జాంగ్రీ పేరు చెప్పడానికి వచ్చింది చూడండి. పిచ్చిపిల్ల. ఆ పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని, ఇంకో కప్పు టీ పోసి ఇవ్వాలనిపించింది.