నఛత్తర్ సింగ్ తిప్పిన స్క్రూ

పంజాబులో మా మోగా చుట్టుపక్కల మెకానిక్ నఛత్తర్ సింగ్ చెయ్యి పడని ట్రాక్టర్ లేదు. డీజిల్ పంపు మీద కంపెనీవాళ్ళేసిన సీలు కనబడితే ఈయనకి రొట్టె సయించదు. పటుక్కున తెంపి, లోపలి స్క్రూ ఓ చుట్టు బిగిస్తాడు. డీజిల్ ఎక్కువ పడి ఇంజనుకి బలమొస్తుంది, దాంతోపాటు గేదె రంగు పొగా వస్తుంది. "పొగ రాకపోతే అది ట్రాక్టరా, కుట్టుమిషనా?" అంటాడు. పిస్టన్ కాలిందని ఎవడైనా మొత్తుకుంటే, ఆ పాపం పిస్టన్‌దేనని వాణ్ణే తిట్టి పంపుతాడు. ఏం మనిషండీ బాబూ.

ఈసారి తిరనాళ్ళలో రెండు ట్రాక్టర్లని వెనక వైపులు కలిపి గొలుసుతో కట్టి లాగుడు పందెం; అవతలివాణ్ణి గీత దాకా ఈడ్చినవాడిదే గెలుపు. నఛత్తర్‌కి పోటీ సొంత బావమరిది జగ్రూప్.

"బావా, ఇవాళ నిన్ను మా అక్క ముందరే ఈడ్చుకుపోతా," అన్నాడు వాడు. అంతే, స్క్రూ ఇంకో చుట్టు బిగిసింది.

మొదటి లాగుడుకే నఛత్తర్ బండి ముందు చక్రాలు మనిషెత్తు లేచాయి. జగ్రూప్ హడలిపోయి క్లచ్ తొక్కి గొలుసు వదులు చేశాడు కాబట్టి కిందికి దిగాయి. జనం ఈలలేశారు, నేను వెయ్యలేదు. నిరుడు పక్క ఊళ్ళో ఇలాగే లేచిన బండి తిరగబడి నడిపేవాణ్ణి కిందేసుకుంది. మా మొండివాడు మాత్రం దిగి, మళ్ళీ స్పానర్ తీశాడు.

"ఇంకో అర చుట్టు, చాలు."

ఆడవాళ్ళ వైపు నుంచి ఆయన భార్య మల్కీత్ గబగబా వచ్చి, బండి ముందు బంపర్ మీదెక్కి కూర్చుంది. ముందు చక్రాలు లేవకుండా బరువు కోసం మగాళ్ళు ఎక్కడం మామూలే, ఆడమనిషి ఎక్కగా ఎవరూ చూళ్ళేదు.

"దిగవే, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నువ్వు తిప్పుకో. లేస్తే ఇద్దరం లేద్దాం."

"అక్కా, దిగు. నేనే ఓడిపోయాననుకో," అన్నాడు జగ్రూప్.

"నువ్వు నోర్మూసుకో. ఎగదోసిందంతా నువ్వే."

నఛత్తర్ వంగి పంపు మీద స్పానర్ పెట్టాడు. స్క్రూని వెనక్కి తిప్పాడు, ఒక చుట్టు కాదు, బిగించిందంతా. సీటెక్కి, "కానీరా జగ్రూప్," అన్నాడు.

జగ్రూప్ మెల్లగా ఇద్దర్నీ గీత దాకా ఈడ్చుకుపోయాడు. జనం పడీ పడీ నవ్వారు. నఛత్తర్ దిగి ముందుకొచ్చాడు. మల్కీత్ వేళ్ళు బంపర్‌ని వదలడం లేదు. ఒక్కొక్కటే విడదీశాడు.

"భయమేసిందా?"

"ఇప్పుడు కాదయ్యా. ఇందాక, నువ్వొక్కడివే లేచినప్పుడు."