ఎంగిలి బంతి

ఆ ఆదివారం ఆరో బంతికే నాకు ఆయాసం వచ్చింది. అంతకుముందు గంటన్నర విసిరినా చెమట తుడుచుకుని నవ్వేవాణ్ణి. ఆ రోజు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాను. ఎండ దెబ్బ అనుకున్నాను.

వరంగల్‌లో మిల్లు కార్మికుడికి బేస్‌బాల్ ఏమిటని మీరు అడగవచ్చు. డెబ్బైలలో మా మిల్లుకు కొత్త యంత్రాలు బిగించడానికి ఒక జపాన్ ఇంజనీరు వచ్చి ఏడాది ఉన్నాడు. మాకు ఆ ఆట నేర్పాడు. ఒకడు బంతి విసరాలి, ఇంకొకడు బ్యాటుతో కొట్టాలి, మూడుసార్లు తప్పితే ఔట్. బట్ట నేసే వీవింగ్ వాళ్ళకూ నూలు వడికే స్పిన్నింగ్ వాళ్ళకూ ఆదివారం పోటీ అంటే మట్టెవాడ పేటలో సగం మంది మా గ్రౌండు మీదే ఉండేవారు.

ఆ ఇంజనీరు పోతూ పోతూ నాకొక పత్రిక కాగితం ఇచ్చాడు. దాని మీద వాళ్ళ దేశంలో పేరుమోసిన పిచ్చర్, అంటే నాలాగే బంతి విసిరేవాడి ఫోటో. పేరు నాకు నోరు తిరగలేదు, జపానన్న అనుకునేవాణ్ణి. ఇరవై ఏళ్ళకే జనం నెత్తిన పెట్టుకున్నారట. తర్వాత ఊపిరితిత్తులు చెడి రెండేళ్ళు ఆసుపత్రిలో పడుంటే సొంత క్లబ్బు ఆయన పేరు కొట్టేసింది. ఆయన లేచి వచ్చి వేరే క్లబ్బులో చేరి, ఆ పాత క్లబ్బునే వరసగా ఓడించాడట. ఫోటోలో ఆయన రెండు వేళ్ళు నాలుకకు తడుపుకుంటున్నాడు, బంతి పట్టు జారకుండా. ఆ అలవాటు నేనూ పట్టాను.

దగ్గు మొదలైంది. సాయంత్రం కాగానే జ్వరం. నా భార్య కోమల ఊరుకోలేదు, దవాఖానకు లాక్కుపోయింది. కళ్ళె పరీక్ష చేస్తే స్ప్యూటమ్ పాజిటివ్. డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చూశాడు. "కుడి లంగ్‌ల క్యావిటీ, బొక్క పడ్డది. టీబీ. ఫికర్ చెయ్యకు, మందులున్నయి. కానీ కోర్సు పూర్తి చెయ్యాలె, సమజైందా?"

మా వీవింగ్ టీం కెప్టెన్ సాంబయ్య. నాకంటే పెద్దవాడు, గెలిచిన ప్రతిసారీ నన్ను భుజాల మీద ఎత్తుకున్న మనిషి. తర్వాతి ఆదివారం చెబుదామని గ్రౌండుకు వెళ్తే, అప్పటికే ఎవరో చెప్పేశారు. బకెట్లో ఫినాయిల్ కలిపి బంతి ముంచి కడుగుతున్నాడు, అందరూ చూస్తుండగా.

"ఇన్నొద్దులు వీని ఎంగిలి బంతే పట్టినం గదరా! అరేయ్ ఐలిగా, ఇగ గ్రౌండ్ల కాలు వెట్టకు."

నా గ్లవ్‌ను కట్టెపుల్లతో ఎత్తి మంటలో వేశాడు. నాకు జేజేలు కొట్టిన జనం నాలుగడుగులు వెనక్కి జరిగారు. ఇంటికి వచ్చి ఏడ్చాను. ఏడుపయ్యాక పళ్ళు కొరుక్కున్నాను. నిన్ను ఔట్ చేయకుండా చస్తే ఒట్టు, సాంబయ్యా!

రోజూ పొద్దున స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, దాంతోపాటు గుప్పెడు మాత్రలు. తల తిరిగేది, చెవుల్లో హోరు. సూది దిగేటప్పుడు కళ్ళు మూసుకుని గొణిగేవాణ్ణి.

"దేవుని పేరు తలుస్తాండు అనుకున్న. సాంబయ్య పేరా నువ్వు జపం చేసేది!" అని కోమల నెత్తి కొట్టుకుంది.

నాలుగు నెలలకు దగ్గు పోయింది, ఒంటికి కండ పట్టింది. అప్పుడే బుద్ధి గడ్డి తిన్నది. మాత్రలు వేసుకుంటే వాంతులు, వాంతులైతే ప్రాక్టీసు సాగదు. ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేశాను. స్పిన్నింగ్ వాళ్ళు నన్ను చేర్చుకుంటామన్నారు, ఇక నేను ఆగుతానా? రెండు నెలలు గడిచాక ఒకనాడు ప్రాక్టీసులో వేళ్ళు తడుపుకోబోతే ఎర్రగా అంటింది. నెత్తురు.

డాక్టరు ఫైలు బల్ల మీద విసిరికొట్టాడు. "డిఫాల్టర్! ఎవడు ఆపమన్నడు నిన్ను? రెసిస్టెన్స్ వచ్చి మందులు పని చెయ్యకుంటే నా చేతుల ఏం లేదు, చెప్తున్న."

ఈసారి మంచం పట్టాను. చాయ్ హోటల్లో సాంబయ్య "ఐలిగాడు ఇగ లేవడు" అన్నాడని కోమలకు తెలిసింది. ఇంకో ఆడది అయితే దాచేది. ఈమె రోజూ మాత్రలు అరచేతిలో పోసి అదే మాట ఎత్తేది. "మింగుతవా, సాంబయ్యను ఖుష్ చేస్తవా?"

మింగాను. పద్దెనిమిది నెలలు, ఒక్క పూట తప్పకుండా. జపానన్న కాగితం మంచం ఎదురుగా గోడకు అంటించుకున్నాను. మూడుసార్లు స్ప్యూటమ్ నెగెటివ్ వచ్చాక డాక్టరు నవ్వాడు. "ఇగ నీతోని ఎవ్వరికీ రాదు. పోయి ఆడుకో పో."

స్పిన్నింగ్ తరఫున దిగాను. బ్యాటు పట్టుకుని ఎదురుగా సాంబయ్య. అతని కళ్ళలోకి చూస్తూ రెండు వేళ్ళూ తీరిగ్గా నాలుకకు తడుపుకున్నాను. ఒకటి, గాలికి కొట్టాడు. మళ్ళీ తడుపుకున్నాను. రెండు. మూడోదీ గాలికే. ఔట్! నడిచి వెళ్ళి బంతి అతని చేతిలో పెట్టాను. "కడుక్కోరాదే అన్నా, ఫినాయిల్ ఉన్నదా?" జనం విరగబడి నవ్వారు. ఎందుకు అబద్ధం చెప్పాలి, అంత హాయి నాకు మళ్ళీ ఎన్నడూ దొరకలేదు.

తర్వాత చాలా ఏళ్ళు ఆడాను. ఇప్పుడు ఎనభైలు సగం దాటాయి. నౌకరీ మానేసి, రైల్లో గంట దూరం ఉన్న నెక్కొండలో ఉంటున్న సాంబయ్య నాలుగు నెలల కింద ఒక పొద్దున మా గుమ్మంలో నిలబడ్డాడు. సగమైపోయాడు. నోటికి రుమాలు అడ్డం. "తమ్మీ, ఎవ్వరికి చెప్పకు. నీకు నయం చేసిన దవాఖానకు జర తోల్కపో."

కోమల నా మొహం చూసింది. నేను చాయ్ తెప్పించి, నా గ్లాసులో ఒక గుక్క తాగి అతనికి అందించాను. "తాగు." గ్లాసును చూశాడు, నన్ను చూశాడు, తాగాడు. గ్లాసుతో ఈ జబ్బు రాదని, దగ్గుతో వస్తుందని డాక్టరు నాకెప్పుడో చెప్పాడు. ఆ మాట సాంబయ్యకు నేను చెప్పలేదు. ఆ రోజే దవాఖానకు తీసుకుపోతే అతనికీ టీబీ అని తేలింది.

అప్పటి నుంచి ప్రతి నెలా పాసింజర్ రైల్లో వచ్చి మందులు తీసుకుంటున్నాడు. మొన్న మూడో నెల, "పానం మంచిగైంది తమ్మీ, ఇగ ఆపుత" అన్నాడు. "ఆపి చూడు, నెక్కొండ స్టేషన్ల నిలబడి ఊరందరికి చెప్త" అన్నాను. ఆ రోజు నుంచి వారం వారం నేనే వెళ్ళి, అతని కొడుకును పక్కన కూర్చోబెట్టి మాత్రలు లెక్క చూసి వస్తున్నాను.

ఇది చదివే టీబీ పేషెంట్లకు ఒక్కటే మాట. ఒళ్ళు బాగైందనిపించిన రోజు మాత్రలు ఆపే రోజు కాదు. మీరు మింగేదాకా ఎదురుగా కూర్చునే మనిషిని ఒకరిని పెట్టుకోండి. ప్రేమ ఉన్నవాళ్ళే కానక్కర్లేదు. సాంబయ్యను నేను ఇంకా క్షమించలేదు. అందుకే అతన్ని ఒక్క మాత్ర కూడా తప్పనివ్వను.